ఐదో నెల, పొద్దుగాల కల్లు తాగితే చలవ అంటున్నరు. తాగొచ్చా?

మెతుకుసీమ_కోడలు:
నాకిప్పుడు ఐదో నెల. అత్తగారిది మెదక్ దిక్కు పల్లె. పొద్దుగాల్నే ఈత కల్లు ఒక గిలాస తాగు, చలవ చేస్తది, మూత్రం మంట తగ్గుతది అని మా అత్తమ్మ రోజూ పోస్తది. ఇంట్ల అందరూ తాగి కన్నోళ్లేనట. వద్దంటే పట్నం పిల్ల నకరాలు అంటరు. ఒక్క గిలాసకు కూడా నష్టం ఉంటదా నిజంగ?

ఈతవనం:
మత్తు మందు కలిపిన కల్లు జోలికి మాత్రం పోకమ్మా. చెట్టు కల్లు అయితే ఏం కాదు. తాతల నాటి సంది మాది గీత పనే. మా అమ్మ మమ్మల్ని అందర్ని కల్లు తాగుకుంటనే కన్నది, నేను డిగ్రీ చదివిన, మా అన్న ఆర్టీసీల డ్రైవరు. లొట్టి దించంగనే తాగేది చెట్టు రసం, బ్రాందీ కాదు.

వార్డు_సిస్టర్:
వద్దు చెల్లీ. లేబర్ రూములో పనిచేస్తా కాబట్టి చెప్తున్నా. నువ్వు తాగిన కల్లులోని ఆల్కహాలు మాయ దాటి బిడ్డ రక్తంలోకి పోతుంది, నీ లివర్ దాన్ని అరిగించుకుంటుంది గానీ కడుపులో బిడ్డ లివర్‌కి ఇంకా ఆ శక్తి రాదు, ఉమ్మనీటిలోకి కూడా చేరుతుంది, ఆ నీళ్లనే బిడ్డ మింగుతుంది. మూడో నెల దాటింది కదా అనుకోవద్దు, మెదడు కాన్పు దాకా పెరుగుతూనే ఉంటుంది. గర్భస్రావం, నెలలు నిండకుండా కాన్పు, తక్కువ బరువు, వీటి రిస్కు పెరుగుతుంది. బాగా తాగిన తల్లుల పిల్లల్లో కొందరికి కళ్లు చిన్నగా, ముక్కు కింద గాడి చదునుగా, పై పెదవి పల్చగా ఉంటాయి, 1973లో సియాటిల్ డాక్టర్లు దీనికే ఫీటల్ ఆల్కహాల్ సిండ్రోమ్ అని పేరు పెట్టారు. ముఖం మామూలుగానే ఉండి, బడికి పోయాక చదువు ఎక్కక, కుదురుగా కూర్చోలేక బయటపడే పిల్లలు అంతకంటే ఎక్కువ. అప్పుడు కల్లు సంగతి ఎవరికి గుర్తుంటుంది?

ఈతవనం:
సియాటిలోళ్లు విస్కీ తాగిన ఆడోళ్లను చూసిన్రు. మా కల్లును చూసిన్రా?

లెక్కల_మాస్టారు:
విస్కీ అయినా కల్లు అయినా లోపలున్నది ఒకటే ఆల్కహాలు. మన బ్రాందీలో 42.8 శాతం ఉంటుంది, 60 మిల్లీ పెగ్గంటే సుమారు 26 మిల్లీల ఆల్కహాలు. పులిసిన కల్లు 5 శాతం అనుకోండి, 650 మిల్లీ సీసాలో 32 మిల్లీలు. సీసా కల్లంటే పెగ్గు కంటే ఎక్కువే.

ఈతవనం:
పొద్దటి కల్లుల 5 శాతం ఎక్కడిది సార్? సాయంత్రం దాకా పెడితే పులుస్తది. మీరు చెట్టు కింద నిలబడి తాగిన్రా ఎన్నడన్న?

లెక్కల_మాస్టారు:
3 శాతం అనుకున్నా సీసాకి 19 మిల్లీలు. రాత్రి కట్టిన లొట్టిలో పులియడం చెట్టు మీదే మొదలవుతుంది, పొద్దున దించేసరికే గంటలు గడిచిపోతాయి.

ఈతవనం:
ఆమె గిలాస అన్నది, మీరు సీసా అంటున్నరు.

నల్గొండోడు:
మాస్టారూ ఆమె పరీక్ష రాస్తలేదు, వదిలెయ్యండి 😀

లండన్_వదిన:
ఇక్కడ ఒకప్పుడు వారానికి ఒకటి రెండు గ్లాసులు ఫర్వాలేదన్నట్టే చెప్పేవాళ్లు. 2016లో ప్రభుత్వ చీఫ్ మెడికల్ ఆఫీసర్లు అసలు తాగకపోవడమే మేలు అని మార్చారు. కొద్దిగా తాగితే కచ్చితంగా చెడుతుందని తేలిందని కాదు, ఎంతవరకు సేఫో ఎవరూ చెప్పలేరు కాబట్టి. కడుపని తెలియక ముందు ఏ పార్టీలోనో ఒక గ్లాసు తాగామని ఏడ్చేవాళ్లకి మాత్రం, కంగారుపడకు, ఇకనుంచి ముట్టుకోకు అనే చెప్తారు.

ఈతవనం:
సూసిన్రా, కొద్దిగ అయితే చెడ్డదని తేలలే అని ఆమెనే అంటున్నది.

వార్డు_సిస్టర్:
ఆవిడ అన్న రెండో ముక్క వదిలేసి మొదటిది పట్టుకున్నారు. ఇంకోటి, మీరే అన్నారు మందు కల్లు వద్దని. క్లోరల్ హైడ్రేట్, డైజిపామ్, ఆల్ప్రజోలామ్ కలిపిన కల్లు మన జిల్లాల్లో ఎన్నిసార్లు పట్టుబడలేదు? ఆ మత్తు బిళ్లలు కూడా మాయ దాటుతాయి. పుట్టిన బిడ్డ గుడ్డపేలికలా చేతిలో వాలిపోతుంది, ఏడవదు, పాలు పట్టదు. ఈ గిలాసలో ఏది ఉందో ఆ అమ్మాయి ఎట్లా చూసి చెప్తుంది?

కృష్ణాతీరం:
మా వైపు కడుపుతో ఉన్నవాళ్లకి కల్లు పోయడమనే మాటే వినలేదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (ఎన్ఎఫ్‌హెచ్ఎస్-5) చూడండి, 15 ఏళ్లు దాటిన ఆడవాళ్లలో తాగేవాళ్లు తెలంగాణలో 6.7 శాతం, ఆంధ్రలో 0.5. అలవాటే తేడా.

ఈతవనం:
అగో మొదలైంది. మీ దిక్కు మొగోళ్ల శాతం కూడా రాయి అన్నా, 23 ఉన్నది. కల్లు అనంగనే తెలంగాణ ఆడోళ్లు, గౌడోళ్లు కనబడతరు మీకు, ఊరూరికి వైన్స్ కనబడయి.

కృష్ణాతీరం:
నేను కులం ఎత్తలేదే!

నల్గొండోడు:
మరి తెలంగాణ మగవాళ్లది 43, అది కూడ రాయరాదు ఈతవనం అన్నా.

ఈతవనం:
రాస్త, భయమా నాకు. అసలు సంగతి చెప్త ఇనుండ్రి. మా చెల్లెకు తక్కువ బరువు బాబు పుట్టిండు. డాక్టరమ్మ వార్డంతా ఇనేటట్టు కల్లు తాగినవా, నీ కొడుకును నువ్వే చెడగొట్టుకున్నవ్ అని తిట్టింది. అది ఏడో నెల దాకా పత్తి ఏరింది, ఒంట్ల రక్తం లేదు, మొగుడు తాగొచ్చి కొట్టేది. అవేవీ అడగలే, కల్లు ఒక్కటే అడిగింది. అప్పటి సంది ఇంట్లోళ్లు కూడ దాన్నే అంటున్నరు. అందుకే ఈ ముచ్చట ఎవరు తీసినా నాకు మండుతది.

వార్డు_సిస్టర్:
ఆ డాక్టర్ అన్నది తప్పు, ముమ్మాటికీ తప్పు. బరువు తగ్గడానికి రక్తహీనత ఒక్కటే చాలు. అట్లా తిడతారనే భయంతోనే మా దగ్గరికి వచ్చినవాళ్లు తాగలేదని అబద్ధం చెప్తారు, అప్పుడు మేం చెయ్యగలిగింది కూడా చెయ్యలేం. కానీ మీ చెల్లెల్ని తిట్టారని ఇంకో ఆడపిల్లకు ఏం కాదులే తాగు అంటారా?

ఈతవనం:
నేను తాగమనలే. తాగినోళ్లను దొంగల లెక్క చూడకుండ్రి అంటున్న.

వార్డు_సిస్టర్:
"చెట్టు కల్లు అయితే ఏం కాదు". మీ మొదటి పోస్టు, పైకి పోయి చూసుకోండి.

మెతుకుసీమ_కోడలు:
అన్నా, సిస్టరక్కా, జర ఆగుండ్రి. నేను తాగ, అది అయిపోయింది. అత్తమ్మకు ఎట్ల చెప్పాల్నో చెప్పుండ్రి. మంచి మనిషే, ప్రేమతోనే పోస్తది.

నల్గొండోడు:
ఐరన్ గోలీల మీద కల్లు పడదట అని చెప్పెయ్, ఒడుస్తది.

వార్డు_సిస్టర్:
గోలీ ఆపేసి కల్లు తాగమంటే? నెలనెలా చెకప్‌కి అత్తమ్మనే తోడు తీసుకుపో. అత్తమ్మ ముందే అడుగు, సిస్టరో డాక్టరో చెప్తే నీ మీదికి రాదు. మీ ఆయన్ని కూడా రమ్మను, వాళ్లమ్మకి ఆయనే చెప్పాలి. మూత్రం మంట అన్నావు కదా, యూరిన్ టెస్ట్ చేయించు, కడుపుతో ఉన్నప్పుడు ఇన్‌ఫెక్షన్ ఉంటే కల్లుతో, మజ్జిగతో పోదు, మందు వాడాలి.

లండన్_వదిన:
యూరిన్ టెస్ట్ ఈ వారంలోనే చేయించుకో అమ్మా.

ఈతవనం:
మరి నీరా అయితే? సున్నం పూసిన కుండల పట్టింది పులవదు కదా.

వార్డు_సిస్టర్:
చల్లగా ఉంచి అమ్మే చోట అయితే వేరే మాట. ఊళ్లో లొట్టిలోది నీరానో కల్లో మీరు సంతకం పెట్టి ఇస్తారా?

ఈతవనం:
నా చెట్టుదైతే పెడత.