వియన్నా స్టేట్ ఒపెరాకు అమ్మానాన్నలను తీసుకెళ్లాలి, రూల్స్ గురించి కాస్త చెప్తారా?

ప్రశ్న (చెక్ రిపబ్లిక్‌లోని బ్రనో నుంచి):
అందరికీ నమస్కారం. మే రెండో వారంలో అమ్మానాన్న తెనాలి నుంచి వస్తున్నారు. బ్రనో నుంచి వియన్నా రైల్లో గంటన్నరే కదా, రెండు రోజులు అక్కడ ఉందామనుకుంటున్నాం. నాన్న పద్యనాటకాలు చూస్తూ పెరిగిన మనిషి. ఒక్క ఒపెరా, అంటే పాటలతోనే సాగే ఇక్కడి నాటకం, అయినా చూడాలని పట్టుబట్టారు. నాకు దీని గురించి ఏమీ తెలియదు. సూటు లేకపోతే గుమ్మం దగ్గరే ఆపేస్తారని ఆఫీసులో ఒకాయన భయపెట్టాడు. అమ్మకు మోకాళ్ల నొప్పులు, నాన్నకు బీపీ మాత్రలు. చేతి సంచి లోపలికి రానిస్తారా? ఫోటోలు తీసుకోవచ్చా? నిలబడి చూసే టికెట్లు చవక అంటున్నారు, నిజమేనా?

జవాబు (వియన్నాలో పదకొండేళ్లుగా ఉంటున్నాను):
ముందు సూటు టెన్షన్ వదిలేయండి తమ్ముడూ. నిక్కర్లు, రబ్బరు చెప్పులు వేసుకుని రాకూడదంతే. మామూలు ప్యాంటు, షర్టు, మూసిన బూట్లు చాలు. అమ్మగారిని పట్టుచీర కట్టుకోమనండి. ఆ మెట్ల మీద దానికి మించిన డ్రెస్ లేదు. నేను ఒకసారి వెంకటగిరి చీరలో వెళితే విరామంలో ఓ పెద్దావిడ వచ్చి అంచు పట్టుకుని చూసి వెళ్లింది.

అసలు భయపడాల్సింది టైముకి. తలుపులు వేశాక లోపలికి పంపరు, విరామం దాకా బయటే. బయట టీవీ తెర ఉంటుంది, అందులో చూస్తూ కూర్చోవాలి. మా ఆయనకు ఒకసారి ఎనిమిది నిమిషాలు ఆలస్యమైంది. ఆ రోజు ‘ఎలెక్ట్రా’. గంటా నలభై నిమిషాల ఒపెరా, మధ్యలో విరామమే లేదు! టికెట్టు జేబులో పెట్టుకుని మొత్తం టీవీలోనే చూశాడు. ‘సలోమే’, ‘రైన్‌గోల్డ్’ కూడా అంతే, ఏకబిగిన నడుస్తాయి. టికెట్టు కొనేటప్పుడు విరామం ఎన్నిసార్లు ఉందో తప్పకుండా చూడండి. అన్నీ ఏడింటికే మొదలవుతాయని కూడా అనుకోవద్దు. జర్మన్ స్వరకర్త వాగ్నర్ పెద్ద ఒపెరాలైతే సాయంత్రం ఐదింటికే మొదలుపెడతారు, ఒక్కోసారి ఇంకా ముందే.

ఆలస్యంగా వచ్చినవాళ్లను ఆపే పట్టుదల ఈ ఒపెరా ఇంటికి స్వరకర్త గుస్తావ్ మాలర్ నుంచి వచ్చింది. ఆయన 1897లో డైరెక్టరయ్యాడు. అంతకుముందు జనం తీరిగ్గా వచ్చి, దీపాల వెలుగులో ఒకరినొకరు చూసుకుంటూ కబుర్లు చెప్పుకునేవాళ్లట. ఆయన హాల్లో దీపాలు తగ్గించాడు, తలుపులు వేయించాడు, డబ్బు పుచ్చుకుని చప్పట్లు కొట్టే బ్యాచ్ మీద యుద్ధం ప్రకటించాడు. మన దగ్గర ముఖ్య అతిథి వచ్చేదాకా తెర లేవదు కదా, ఇక్కడ దానికి తిరగేసిన లెక్క.

ప్రశ్న (బ్రనో):
థాంక్స్ అక్కా. మరి సంచి సంగతి? అమ్మ పులిహోర డబ్బా లేకుండా గడప దాటదు.

జవాబు (వియన్నా):
చిన్న హ్యాండ్‌బ్యాగు పర్లేదు, మాత్రలు అందులో పెట్టండి. వీపు సంచి, గొడుగు, పొడుగు కోటు మాత్రం గార్డెరోబెలో, అంటే సామాన్లు దాచే కౌంటర్‌లో ఇచ్చేయాలి. ఇచ్చినదానికి నంబరు బిళ్ల ఇస్తారు. మే నెలలో కోటు అవసరం పడదేమో కానీ ఇక్కడి వానను నమ్మలేం, గొడుగు ఎలాగూ తెస్తారు. హాల్లో తినడం, తాగడం కుదరదు. విరామంలో అమ్మేవి ఉంటాయి, ధర చూస్తే అమ్మగారికి బీపీ వస్తుంది. వెనక్కి ఐదు నిమిషాలు నడిస్తే బుర్గ్‌గార్టెన్ అనే పార్కు, మోజార్ట్ విగ్రహం ఉన్నదే. అక్కడ బెంచీ మీద కూర్చుని పులిహోర తినేసి రండి. మేమైతే ఎప్పుడూ అంతే.

ఫోటోలు మొదలయ్యే ముందు, విరామంలో ఎన్నైనా తీసుకోండి. దీపాలు ఆరాక మాత్రం ఫోన్ బయటికి తీయొద్దు. ఆడియో, వీడియో అసలే కుదరవు. గాయకులు మైకు లేకుండా పాడతారు, అందుకే పక్కవాళ్ల దగ్గు కూడా కచేరీలో భాగమైపోతుంది. నాన్నగారికి గొంతు గరగర ఉంటే చప్పరించే బిళ్లలు కాగితం ముందే విప్పి జేబులో వేసుకోమనండి. మెత్తటి పాట మధ్యలో ఆ కాగితం చప్పుడుకు ఓ పదిమంది వెనక్కి తిరుగుతారు, నాకు అనుభవమే.

జవాబు (గ్రాజ్‌లో చదువుకుంటున్నాను):
నిలబడే టికెట్ల గురించి నేను చెప్తాను అన్నా, నేనెప్పుడూ దాంతోనే చూస్తా. ష్టేప్లాట్జ్ అంటారు. కుర్చీలు సుమారు 1,700 ఉంటే, నిలబడే చోట్లు నాలుగు వందలకు పైనే. మన టూరింగ్ టాకీసు నేల టికెట్టు లాంటిదే, కానీ తెరకు ముక్కు ఆనించినట్టు ఉండదు. మూడు చోట్ల ఉంటాయి: కింద పార్టెర్, పైన బాల్కనీ, ఇంకా పైన గ్యాలరీ. పార్టెర్ నిలబడే చోటు సరిగ్గా ఒకప్పటి చక్రవర్తి బాక్సు (చిన్న గదిలా విడిగా ఉండే కుర్చీల చోటు) కింద, రంగస్థలానికి ఎదురుగా ఉంటుంది. దాని ముందు కుర్చీకి వందల యూరోలు పోసినవాళ్లు, వెనక ఇరవై యూరోల లోపే పెట్టిన నేను. గ్యాలరీలో బొమ్మ చిన్నది, శబ్దం మాత్రం కమ్మగా వస్తుంది.

ప్రదర్శన రోజు పొద్దున టికెట్లు ఆన్‌లైన్‌లో పెడుతున్నారు. లేదంటే పక్కనున్న ఓపెర్న్‌గాస్సె వైపు కౌంటర్ ప్రదర్శనకు 80 నిమిషాల ముందు తెరుస్తారు. మంచి గాయకులుంటే లైన్ మధ్యాహ్నం నుంచే. టికెట్టు దొరికాక పరుగెత్తకుండా, అలాగని తీరిగ్గా కాకుండా లోపలికి పోయి, ముందున్న కమ్మీకి కండువా కట్టాలి. కట్టారా, ఆ చోటు మీది. వెళ్లి నీళ్లు తాగి, కోటు ఇచ్చేసి, మెట్లు చూసి వచ్చినా ఎవరూ ముట్టుకోరు. బస్సు కిటికీలోంచి రుమాలు వేసి సీటు ఆపడం మనకు కొత్తా?

కమ్మీ మీద చిన్న తెర ఉంటుంది, పాట సాగుతుంటే మాటలు దాని మీద వస్తాయి. జర్మన్, ఇంగ్లీషుతో పాటు ఇంకొన్ని భాషలు. తెలుగు లేదు మరి! కుర్చీలకు కూడా ఇవే తెరలు.

జవాబు (వియన్నా):
గ్రాజ్ తమ్ముడు చెప్పింది కరెక్టే, కానీ అమ్మగారిని మూడు గంటలు నిలబెట్టొద్దు. వాళ్లిద్దరికీ కుర్చీలు తీసుకోండి, మీరు నిలబడండి. కుర్చీల్లోనూ ఒక మెలిక ఉంది. బాక్సుల్లో వెనక వరస చవగ్గా కనిపిస్తుంది, పక్క బాక్సు అయితే రంగస్థలం సగమే అగుపిస్తుంది. ముందు వాళ్ల భుజాల మీదుగా మెడ సాచాలి. పెద్దవాళ్లకు అది శిక్ష. డబ్బు తక్కువైతే బాక్సు వెనక వరస కంటే గ్యాలరీ మధ్యలో తీసుకోండి, పైన లిఫ్టు వివరం మాత్రం ముందే అడగండి. చక్రాల కుర్చీవాళ్లకు వేరే చోట్లున్నాయి, అవీ ముందే చెప్పి తీసుకోవాలి.

ఏ ఒపెరా అన్నది కూడా చూసుకోండి. ఒక్కో రాత్రి ఒక్కో ఒపెరా, కాబట్టి ఉన్న రెండు రోజుల్లో ఎంచుకోవచ్చు. ‘తోస్కా’, ‘లా బొయేమ్’ అయితే మొదటిసారికి హాయి. ‘తోస్కా’ ఇక్కడ 1958లో కట్టిన సెట్లతోనే ఆడుతోంది, నాన్నగారికి అసలైన నాటకం చూసినట్టుంటుంది. ‘పార్సిఫల్’ వద్దు. ఐదారు గంటలు, పైగా మొదటి అంకం అయ్యాక చప్పట్లు కొట్టకూడదన్నది ఇక్కడి పాత ఆచారం. తెలియక కొడితే చుట్టూ ‘ష్ష్’ అంటారు.

జవాబు (మ్యూనిక్ నుంచి):
ఒక్క జాగ్రత్త. ఒపెరా ముందు ఎర్రకోటు, తెల్ల విగ్గు పెట్టుకుని మోజార్ట్ వేషంలో కుర్రాళ్లు ఫైళ్లు పట్టుకుని తిరుగుతుంటారు. చాలావరకు వాళ్లమ్మేది వేరే హాళ్లలో టూరిస్టుల కచేరీల టికెట్లు. ఒపెరా బొమ్మ చూపించి మాట్లాడతారు కాబట్టి మా మామగారు ఇదే అదనుకుని కొనేశారు. కచేరీ బాగానే ఉంది, కానీ ఈ భవనంలోకి కాలు పెట్టలేదు. టికెట్టు ఒపెరా వాళ్ల సైటులో కానీ, వాళ్ల కౌంటర్‌లో కానీ తీసుకోండి. జూలై, ఆగస్టుల్లో సీజన్ ఉండదు, మీరు మేలో వస్తున్నారు కాబట్టి ఫర్వాలేదు.

టికెట్టు దొరక్కపోతే ఇంకో దారి. మే నెలలో చాలా రోజులు లోపల జరిగే ప్రదర్శనను బయట కారయాన్ ప్లాట్జ్ అనే ఖాళీ స్థలంలో పెద్ద తెర మీద ఉచితంగా చూపిస్తారు. అక్కడ రూలూ లేదు, డ్రెస్సూ లేదు. పులిహోర డబ్బా కూడా తెరుచుకోవచ్చు!

పగటిపూట గైడ్‌తో 40 నిమిషాల టూర్ ఉంది, దానికి వేరే టికెట్టు. రిహార్సల్స్ ఉంటే వేళలు మారతాయి. 1945 మార్చి 12న బాంబులు పడి హాలు, రంగస్థలం కాలిపోయాయి. ముందు భాగం, పెద్ద మెట్లు, పాత ఫోయర్ (విరామంలో జనం తిరిగే హాలు) మిగిలాయి. పదేళ్లు తిరిగి కట్టి 1955 నవంబర్‌లో బెథోవెన్ ‘ఫిడేలియో’తో తెరిచారు. అది తెలిసి చూస్తే మెట్ల దగ్గర పాత గిల్టు, లోపల యాభైల నాటి సాదా గోడలు వేరుగా కనిపిస్తాయి. లేదంటే ఒకే భవనంలో రెండు ఇళ్లున్నాయేమిటి అనిపిస్తుంది.

ప్రశ్న (బ్రనో):
ఆఖరి సందేహం. నాన్న పద్యం నచ్చితే ‘వన్స్ మోర్’ అని అరుస్తారు. ఆపగలనా?

జవాబు (వియన్నా):
పాట అయ్యాక బ్రావో అనొచ్చు, గట్టిగానే. ఆడవాళ్లకు బ్రావా, అందరికీ కలిపి బ్రావి. కానీ అడగ్గానే మళ్లీ పాడటం దాదాపు ఉండదు. అందరూ ఆ అరుపులు ఆఖరికి దాచుకుంటారు. 1991లో గాయకుడు ప్లాసిడో డొమింగో ‘ఒతెల్లో’ పాడితే ఇక్కడి జనం 80 నిమిషాలు చప్పట్లు కొట్టారు, ఆయన 101 సార్లు తెర ముందుకు రావాల్సి వచ్చింది. గిన్నిస్ బుక్కులో ఉంది. నాన్నగారికి ఈ సంగతి ముందే చెప్పండి, సరిపెట్టుకుంటారు.

బ్రనో (మూడు వారాల తర్వాత):
అందరికీ పేరుపేరునా థాంక్స్. ‘తోస్కా’ దొరికింది. వాళ్లిద్దరికీ కుర్చీలు, నేను పార్టెర్‌లో నిలబడ్డాను. నాన్న కండువానే కమ్మీకి కట్టాను. రెండో అంకంలో తోస్కా పాత్ర వేసినావిడ నేల మీద కూలబడి ఆ పాట పాడాక నాన్న అరవలేదు కానీ, అమ్మ చెవిలో ‘వన్స్ మోర్’ అన్నారట. అమ్మే తర్వాత చెప్పింది. పాట చరణాలు తెర మీద చదువుతూ నాన్న పక్కనున్న జర్మన్ ఆయనకు తన తెర ఎలా ఆర్పాలో కూడా చూపించారట.

ఒక పొరపాటు చేశాను. చప్పట్ల హడావిడిలో కండువా అక్కడే మర్చిపోయాను. ఇప్పుడెవర్ని అడగాలి?

జవాబు (వియన్నా):
గురువారం నేను అటే వెళ్తున్నాను తమ్ముడూ. గార్డెరోబె దగ్గర అడుగుతాను, దొరికినవి వాళ్లకు తెలుస్తాయి. గుర్తులేమైనా చెప్పండి.

బ్రనో:
తెల్లది, ఎర్ర అంచు అక్కా. ఒక మూల పులిహోర నూనె మరక ఉంటుంది.