సైనిక సిబ్బందికి మైండ్‌ఫుల్‌నెస్ శిక్షణ: తప్పనిసరి చేయాలా, ఇష్టానికి వదిలేయాలా?

ప్రణాళిక బృందం (చర్చ ప్రారంభం)

సైనిక స్థావరంలో కార్యాలయం, మరమ్మతులు, సమాచార విభాగాల్లో పనిచేసే సిబ్బంది కోసం మైండ్‌ఫుల్‌నెస్ (ఈ క్షణంలో శ్వాసను, శరీరాన్ని, ఆలోచనలను మంచిచెడులు ఎంచకుండా గమనించే సాధన) ఆధారంగా ఒత్తిడి నిర్వహణ కార్యక్రమాన్ని రూపొందించే బాధ్యత మా చిన్న బృందానికి అప్పగించారు. వీరిలో యుద్ధరంగం నుంచి తిరిగివచ్చి బల్ల పనిలో చేరినవారూ ఉన్నారు, స్థావరం దాటి ఎన్నడూ వెళ్లనివారూ ఉన్నారు. ఎనిమిది వారాల పాటు, వారానికి ఒక గంట చొప్పున, మొత్తం డ్యూటీ వేళల్లోనే నడపాలన్నది మా ముసాయిదా.

మైండ్‌ఫుల్‌నెస్‌ను వైద్యంలోకి తెచ్చిన జాన్ కబట్‌జిన్ 1979లో అమెరికాలోని మసాచుసెట్స్ విశ్వవిద్యాలయ వైద్య కళాశాలలో ఆరంభించిన మూల పద్ధతిలో వారానికి దాదాపు రెండున్నర గంటల తరగతి, ఇంటి దగ్గర రోజూ ముప్పావు గంట సాధన ఉండేవి. దీర్ఘకాలిక నొప్పితో ఆసుపత్రికి వచ్చి, తమంతట తాము ఒప్పుకుని చేరిన రోగులకు అది సరిపోయింది. కాపలా డ్యూటీ దిగి వచ్చిన మనిషిని అంత సమయం అడగలేం. అమెరికా సైనికులపై జరిగిన ఒక అధ్యయనం 2015లో వెలువడింది. ఎనిమిది వారాల్లో ఎనిమిది గంటల శిక్షణే ఇచ్చినా, ఉపన్యాసాలు విన్న బృందం కంటే తరగతిలోనే సాధన చేసిన బృందం ఏకాగ్రత పరీక్షల్లో మెరుగ్గా నిలిచిందని అందులో తేలింది. మా లెక్క అక్కడి నుంచి వచ్చింది.

పై అధికారులు అందరికీ తప్పనిసరి చేయమంటున్నారు. మొదటి రెండు తరగతులు మాత్రమే అందరికీ ఉండాలనీ, మిగతావి ఇష్టపడినవారికే ఉండాలనీ మా అభిప్రాయం. ఏది సబబో, ఎందుకో చెప్పగలరు.

మాజీ సైనికుడు

మీరు అడిగిన ప్రశ్న కంటే ముందు అడగవలసిన ప్రశ్న ఇంకొకటి ఉంది. ఆ విభాగాల్లో మనుషులు రోజుకు ఎన్ని గంటలు నిద్రపోతున్నారు? వరుసగా రాత్రి డ్యూటీలు చేసి, మంజూరైన సెలవు చివరి క్షణంలో రద్దయి, ఇద్దరి పని ఒక్కరు మోస్తున్న చోట శ్వాసను గమనించమని చెప్పడం రోగమొకటైతే మందొకటి ఇవ్వడమే.

2017లో అమెరికా నౌకాదళానికి చెందిన ఫిట్జెరాల్డ్, జాన్ ఎస్. మెకెయిన్ అనే రెండు యుద్ధనౌకలు రెండు నెలల తేడాలో వాణిజ్య నౌకలతో ఢీకొన్నాయి. మొదటి ప్రమాదంలో 7 మంది, రెండో ప్రమాదంలో 10 మంది నావికులు మరణించారు. విచారణలు ఎత్తిచూపిన లోపాల్లో శిక్షణ కొరతతో పాటు సిబ్బంది అలసట కూడా ఉంది. ఆ తర్వాత ఉపరితల నౌకల విభాగం చేసిన పనుల్లో ఒకటి, శరీరపు సహజ నిద్రాక్రమానికి తగినట్లుగా కాపలా వేళలను మార్చమని ఆదేశించడం. అంటే డ్యూటీ పట్టికను సరిదిద్దారు. మీ ముసాయిదాలో డ్యూటీ పట్టిక గురించి ఒక్క వాక్యమైనా లేదు.

చికిత్సా మనస్తత్వవేత్త

నిద్ర విషయంలో మాజీ సైనికుడు గారితో ఏకీభవిస్తాను. అయితే అది ఉంటే ఇది అక్కర్లేదన్న అర్థం వస్తే మాత్రం ఒప్పుకోలేను. యుద్ధానికి వెళ్లబోయే అమెరికా మెరైన్ల (నౌకాదళంతో కలిసి పనిచేసే పోరాట దళం) ప్లాటూన్లు (కొన్ని పదుల మంది సైనికుల బృందాలు) ఎనిమిదింటిని రెండు వర్గాలుగా విభజించి చేసిన అధ్యయనం 2014లో ప్రచురితమైంది. అందులో పాల్గొన్నవారు 281 మంది. శిక్షణ పొందిన ప్లాటూన్లలో, కృత్రిమ యుద్ధ సన్నివేశం ముగిశాక గుండె వేగం, శ్వాస వేగం త్వరగా మామూలు స్థితికి చేరుకున్నాయి. ఒత్తిడి రాకుండా చేయడం కాదు, వచ్చిన ఒత్తిడి నుంచి శరీరం తేరుకోవడం ఇక్కడ ముఖ్యం.

తప్పనిసరి విషయంలో నాకున్న భయం వేరు. గాయపడిన మనసు కలవారికి కళ్లు మూసుకుని నిశ్శబ్దంగా కూర్చోవడమే కష్టంగా ఉండవచ్చు. ఊపిరి మీద దృష్టి పెట్టగానే కొందరికి గుండెదడ మొదలవుతుంది, మరికొందరికి అణగి ఉన్న దృశ్యాలు పైకి వస్తాయి. మెరైన్లకిచ్చిన ఆ శిక్షణలో శ్వాసతో కాకుండా, పాదాలు నేలను, శరీరం కుర్చీని తాకుతున్న చోట్లను గమనించడంతో మొదలుపెట్టింది అందుకే. కళ్లు తెరిచి ఉంచడం, మధ్యలో లేచి నిలబడటం, కావాలనుకుంటే బయటకు వెళ్లడం వంటివి తొలి నిమిషం నుంచీ మామూలు విషయాలుగా ఉండాలి. అడిగి పొందే అనుమతిగా ఉండకూడదు.

ఇది చికిత్స కాదని స్పష్టంగా చెప్పండి. యుద్ధానంతర మానసిక ఆఘాతంతో బాధపడుతున్న 116 మంది మాజీ సైనికులపై 2015లో వెలువడిన అధ్యయనంలో, మైండ్‌ఫుల్‌నెస్ బృందం తమ లక్షణాలు తగ్గాయని వేరే బృంద చికిత్స పొందినవారి కంటే ఎక్కువగా చెప్పింది. కానీ రోగనిర్ధారణ నుంచే బయటపడ్డవారి సంఖ్యలో రెండు బృందాల మధ్య తేడా కనబడలేదు. శిక్షకుడికి ఎవరి పరిస్థితి గురించైనా ఆందోళన కలిగితే ఆ మనిషిని ఎవరి దగ్గరకు, ఎంత గోప్యంగా పంపాలో తొలి తరగతికి ముందే రాసి ఉంచుకోవాలి.

దళ నాయకుడు

ఇష్టపడినవారికే అనడం వినడానికి బాగుంటుంది. ఆచరణలో జరిగేది వేరు. ప్లాటూన్‌లోంచి ముగ్గురు లేచి ఆ గదికి వెళితే మిగతావారంతా ఆ ముగ్గురికీ ఏదో అయిందనే అనుకుంటారు. పదోన్నతి దగ్గర పడుతున్నవాడు అసలు పేరే ఇవ్వడు. ఎవరికి ఎక్కువ అవసరమో వారే దూరంగా ఉండిపోతారు. వ్యాయామానికి అందరినీ మైదానానికి పిలుస్తాం, అక్కడ ఎవరూ సిగ్గుపడరు. దీన్ని కూడా అలాగే అందరి దినచర్యలో భాగం చేస్తే మచ్చ పడే ప్రసక్తే ఉండదు.

మాజీ సైనికుడు

వ్యాయామంతో పోలిక కుదరదు, నాయకుడు గారూ. మోకాలు వాచినవాడిని మైదానంలో చూడగానే పక్కకు నిలబెడతారు. లోపల వాచినదాన్ని ఎవరు చూస్తారు? పైగా ప్రశాంతంగా ఉండమని ఆజ్ఞ జారీ అయితే సైనికుడు దాన్ని కచ్చితంగా పాటిస్తాడు. ప్రశాంతంగా ఉన్నట్టు కనిపిస్తాడు.

గణాంకాల పరిశీలకుడు

రెండు పక్షాల వాదనల్లోనూ ఆధారాలను వాటి బలానికి మించి వాడుతున్నారు. 2010లో యుద్ధానికి ముందటి మెరైన్లపై వచ్చిన అధ్యయనాన్ని ఈ కార్యక్రమాల సమర్థకులు తరచూ ఉదహరిస్తారు. అందులో ఎక్కువసేపు సాధన చేసినవారి తక్షణ జ్ఞాపకశక్తి (పని చేస్తుండగా విషయాన్ని మనసులో పట్టి ఉంచే శక్తి) పెరిగింది, తక్కువ సాధన చేసినవారిది తగ్గింది. కానీ ఎంతసేపు సాధన చేయాలన్నది ఎవరికి వారే నిర్ణయించుకున్నారు. క్రమశిక్షణ ఎక్కువగా ఉన్నవారే ఎక్కువ సాధన చేసి ఉండవచ్చు, వారి జ్ఞాపకశక్తి పెరగడానికి కారణం ఆ క్రమశిక్షణే కావచ్చు. పాల్గొన్నవారి సంఖ్య కూడా తక్కువే.

ఇటువైపు మరొకటి ఉంది. బ్రిటన్‌లో 233 సంస్థలకు చెందిన 46,336 మంది ఉద్యోగుల సమాచారాన్ని పరిశీలించిన వ్యాసం 2024లో వచ్చింది. ఒత్తిడి నిర్వహణ, మైండ్‌ఫుల్‌నెస్ వంటి వ్యక్తిగత కార్యక్రమాల్లో పాల్గొన్నవారి పరిస్థితి పాల్గొననివారి కంటే మెరుగ్గా ఏమీ లేదని అది చెప్పింది. దాన్ని కూడా తుది తీర్పుగా తీసుకోకూడదు, ఎందుకంటే అది ఒకే సమయంలో తీసిన చిత్రం. ఎక్కువ ఇబ్బందిలో ఉన్నవారే అలాంటి కార్యక్రమాల్లో చేరి ఉండే అవకాశం ఉంది.

అమెరికా సైన్యం 2009లో మానసిక దృఢత్వ కార్యక్రమాన్ని సైన్యమంతటా ప్రవేశపెట్టింది. ఆరోగ్య విషయాల్లో ఆ దేశానికి సలహా ఇచ్చే ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెడిసిన్ 2014 నివేదికలో, సైన్యంలో నడుస్తున్న ఇలాంటి నివారణ కార్యక్రమాల్లో చాలావాటికి తగిన ఆధారం లేదని తేల్చింది. మీరు అదే దారిన పోకుండా ఉండాలంటే సగం విభాగాలకు ముందు, మిగతా సగానికి మూడు నెలల తర్వాత శిక్షణ ఇవ్వండి. ఎవరు ముందన్నది చీటీలు తీసి నిర్ణయించండి. ఎవరికీ అన్యాయం జరగదు, పోల్చి చూడటానికి ఒక బృందమూ దొరుకుతుంది.

ఇంకొక మాట. కమాండర్‌కు విభాగాల ఫలితాల సగటులు మాత్రమే ఇస్తామని ఇలాంటి పత్రాల్లో రాసి సంతృప్తి పడుతుంటారు. ఎనిమిది మంది ఉన్న విభాగం సగటు హఠాత్తుగా పడిపోతే అది ఎవరివల్ల పడిందో ఆ కమాండర్‌కు తెలియదనుకుంటున్నారా? చిన్న విభాగాలను కలిపి లెక్కించండి, లేదా వాటి ఫలితాలను అసలు ఇవ్వకండి.

ధర్మసందేహి

అందరూ అమలు గురించే మాట్లాడుతున్నారు. కరుణను పెంచడానికి పుట్టిన సాధనను ఆయుధం పట్టిన చేతి వణుకు తగ్గించడానికి వాడటం న్యాయమేనా?

దళ నాయకుడు

వణుకుతున్న చేతిలోని ఆయుధమే పౌరులకు ఎక్కువ ప్రమాదకరం. తొందరపడి కాల్చకుండా ఒక్క క్షణం ఆగగలగడం ఎవరికీ హాని చేయదు. మీ ప్రశ్న విలువైనదే కానీ, కార్యాలయ సిబ్బందికి వారానికి గంట శిక్షణ గురించిన ఈ చర్చలో దానికి పూర్తి సమాధానం దొరకదు.

ప్రణాళిక బృందం

మీ సమాధానాలు చదివాక ముసాయిదాలో కొన్ని అంశాలు మారుస్తున్నాం. గంట సమయం అందరి దినచర్యలోనూ ఉంటుంది, కాబట్టి ఆ గదికి వెళ్లడం వల్ల ఎవరూ వేరుపడరు. గదిలో ఎవరు ఏం చేస్తారన్నది మాత్రం వారి ఇష్టం. సాధన చేయవచ్చు, ఊరికే కూర్చోవచ్చు, నడవవచ్చు. హాజరు తీసుకుంటాం కానీ సాధన చేశారా లేదా అన్నది ఎక్కడా నమోదు చేయం. ఈ సమాచారంలో ఏదీ వైద్య దస్త్రాల్లోకి గానీ, వార్షిక నివేదికల్లోకి గానీ వెళ్లదని కమాండర్ సంతకంతో ముందే ప్రకటిస్తాం. చీటీల పద్ధతి కూడా బాగుంది, పాటిస్తాం.

మాజీ సైనికుడు గారు అడిగిన డ్యూటీ పట్టికను మార్చే అధికారం మాకు లేదు. అయినా వరుస రాత్రి డ్యూటీలకు పరిమితి పెట్టకపోతే కార్యక్రమం ఫలితం చూపదని ముసాయిదా మొదటి పేజీలోనే రాస్తున్నాం. దాన్ని తీసేయమని ఎవరైనా అంటే, తీసేసినట్టు రాతపూర్వకంగా ఇవ్వమని అడుగుతాం.

ఒక విషయంలో మాత్రం పట్టు విడవడం లేదు. రెండు వారాల్లో ముగించమన్న సూచన పై నుంచి వచ్చింది. ప్రత్యేక దళాల సైనికులపై 2019లో వచ్చిన అధ్యయనంలో రెండు వారాల శిక్షణ కంటే నాలుగు వారాల శిక్షణే మెరుగైన ఫలితమిచ్చింది. అంతటి ఎంపిక చేసిన సైనికులకే రెండు వారాలు చాలకపోతే మా సిబ్బందికి ఎలా చాలుతాయి? ఇక శిక్షకుడు బయటి నిపుణుడై ఉండాలా, సైన్యంలోని మనిషే నేర్చుకుని నేర్పాలా అన్నది తేలలేదు.

చికిత్సా మనస్తత్వవేత్త

ఇద్దరూ ఉండాలి. బయటి నిపుణుడికి సాధన తెలుస్తుంది, కాపలా గది తెలియదు. సైనికుడే నేర్పితే మాట త్వరగా చెవికెక్కుతుంది, కానీ వారాంతపు శిబిరంలో నేర్చుకుని వచ్చి నేర్పేవారిని ఒంటరిగా పంపకండి. తనంతట తాను కొన్ని నెలలు సాధన చేయనివారికి, ఎదుటివారు చెమటలు పట్టి కూర్చున్నప్పుడు ఏం చేయాలో తోచదు.

మాజీ సైనికుడు

సైనికుడే నేర్పేటట్లయితే అతను ఆ విభాగంలో ఎవరి సెలవు మీదా, పదోన్నతి మీదా సంతకం చేసే స్థానంలో ఉండకూడదు. అధికారులకు, సిబ్బందికి తరగతులు వేరువేరుగా పెట్టండి. అధికారుల తరగతులు ముందు మొదలుపెట్టండి, డ్యూటీ పట్టిక రాసేది వారే కదా. మొదటి పేజీలో మీరు రాసిన వాక్యాన్ని ఆ తరగతిలోనే చదివి వినిపిస్తే, ఎవరు తీసేయమంటారో అక్కడే తెలిసిపోతుంది.