పికప్ ముందు భాగం కిందికి ఉంది, లెవెలింగ్ కిట్ వేయించాలా?

ప్రశ్న (అనంతపురం):
అన్నలందరికీ నమస్కారం. నాది ఇసుజు వీ-క్రాస్, ఫోర్ బై ఫోర్, సొంత బండి. వెనకతో పోలిస్తే ముందు భాగం బాగా కిందికి ఉంది. తోటకు పోయే దారిలో వంక దాటేటప్పుడు బంపర్ కింద రాళ్లు తగులుతున్నాయి. బెంగళూరులో లెవెలింగ్ కిట్ వేస్తారని, ముందు రెండంగుళాలు లేస్తుందని చెప్పారు. ఇక్కడే తెలిసిన మెకానిక్ దగ్గర వేయించుకోవచ్చా? చీనీకాయల (బత్తాయి) కోతప్పుడు వెనక ట్రేలు నింపుకొని మార్కెట్‌కు వెళ్తాను. మిగతా రోజుల్లో ఖాళీనే.

జవాబు (కర్నూలు):
తమ్ముడూ, డబ్బు పెట్టే ముందు ఒకటి తెలుసుకో. పికప్ వెనక భాగాన్ని కంపెనీయే కావాలని ఎత్తుగా పెడుతుంది. బరువు పడినప్పుడు కమాన్ కట్టలు దిగి బండి సమానంగా నిలవాలని అలా చేస్తారు. ఖాళీగా ఉన్నప్పుడు ముందుకు వాలినట్టు కనిపించడం లోపం కాదు. ముందు భాగాన్ని రెండంగుళాలు ఎత్తేసి, ఆపైన కాయలు నింపితే వెనక కుంగుతుంది, ముందు భాగం పైకి చూస్తుంది. స్టీరింగ్ తేలిపోయినట్టు ఉంటుంది. హెడ్‌లైట్ల వెలుతురు ఎదురొచ్చేవాళ్ల కళ్లలో కొడుతుంది. కళ్యాణదుర్గం వైపు రాత్రిపూట బైకుల మీద వచ్చేవాళ్ల గురించి కూడా ఆలోచించాలి కదా.

అందుకే ముందు కొలతలు తీయి. టైర్లలో గాలి సరిగ్గా పెట్టించి, చదునైన సిమెంటు నేల మీద బండి నిలుపు. చక్రం మధ్య నుంచి పైన ఫెండర్ అంచు దాకా నాలుగు వైపులా టేపు పెట్టి రాసుకో. ఫెండర్ల కోత ముందూ వెనకా ఒకేలా ఉండదు కాబట్టి ఆ అంకెలతోనే తేల్చేయొద్దు. తలుపుల కింద ఫుట్‌బోర్డు గీత నేల నుంచి ముందు ఎంత, వెనక ఎంత ఉందో అదీ చూడు. ఖాళీ బండితో ఒకసారి, మామూలుగా వేసే లోడుతో ఇంకోసారి కొలవాలి. లోడుతో సమానంగా ఉంటే కిట్ జోలికే పోవద్దు.

జవాబు (కడప, మెకానిక్):
సామీ, బండి ముందు ఇనుప గార్డు ఏమన్నా ఉందా? ఎన్నేళ్ల బండి?

అడిగినాయన:
గార్డు ఉందన్నా, బరువైనదే. బండి కొని నాలుగేళ్లు.

జవాబు (కడప, మెకానిక్):
ముందు అది ఊడబీకించు. అంత ఇనుము ముందు చక్రాలకు ఇంకా ముందుకు వేలాడుతుంటే స్ప్రింగు దిగకుండా ఎలా ఉంటుంది? పైగా ఈ గార్డుల మీద చర్య తీసుకోమని కేంద్ర రవాణా శాఖ 2017 డిసెంబరులోనే రాష్ట్రాలకు రాసింది. గుద్దుకున్నప్పుడు దెబ్బను నేరుగా చాసిస్‌కు పంపుతుంది, ఎయిర్‌బ్యాగ్ సమయానికి తెరుచుకోకపోవచ్చు. మనుషుల్ని కాపాడే వస్తువు కాదది. తీసేసి మళ్లీ కొలువు. ఎడమ కుడి మధ్య తేడా వస్తే స్ప్రింగు అలసిపోయిందని లెక్క. అప్పుడు స్పేసర్ (లెవెలింగ్ కిట్‌లో ఎత్తు పెంచడానికి పెట్టే దిమ్మ) కాదు, స్ప్రింగులు జతగా మార్చాలి.

ఇంకొకరు (నంద్యాల రోడ్డు, కర్నూలు):
బ్రదర్, అంత ఖర్చెందుకు? వెనక కట్టలో ఒక పట్టీ తీయించేయ్. బండి సమానమైపోతుంది.

జవాబు (కడప, మెకానిక్):
దయచేసి ఆ పని మాత్రం చేయొద్దు. కట్ట మోసే బరువును అన్ని పట్టీలూ పంచుకుంటాయి. ఒకటి తీస్తే మిగతావాటి మీద భారం పెరుగుతుంది, లోడు మీద గుంతలో పడితే యాక్సిల్ వెళ్లి స్టాపర్‌కు కొడుతుంది, పట్టీ విరగొచ్చు కూడా. కొన్ని పికప్పుల్లో వెనక బ్రేకుకు ఎంత బలం పంపాలో యాక్సిల్‌కూ బాడీకీ మధ్య ఎత్తును బట్టి తేల్చే వాల్వు ఉంటుంది. వెనక దించితే, లోడు ఉందనుకుని అది బ్రేకు ఎక్కువ పంపుతుంది. వానలో ఖాళీ బండి వెనక చక్రాలు జారిపోతాయి. ఇది కచ్చితంగా ప్రాణాల మీదికి వచ్చే విషయం.

అడిగినాయన:
గార్డు తీయించాను. ముందు అరంగుళానికి కాస్త తక్కువ లేచింది. ఇప్పుడు ఖాళీగా ఫుట్‌బోర్డు గీత వెనక ఒకటిముప్పావు అంగుళం ఎత్తు. ట్రేలు నింపితే వెనక ఇంకా అంగుళం ఎత్తుగానే ఉంది. ఎడమ కుడి ఒకటే. వంకలో బంపర్ ఇప్పటికీ తగులుతోంది.

జవాబు (కర్నూలు):
మంచి పని చేశావు. అయితే నీకు కావలసింది రెండంగుళాలు కాదు, ఒక్క అంగుళమే. అప్పుడు లోడుతో దాదాపు సమానం, ఖాళీగా కొంచెం వాలు మిగులుతుంది. అదే సరైన లెక్క.

కొనేటప్పుడు ఒక మెలిక ఉంది. షాకబ్జర్ అడుగు చక్రం దగ్గర కాదు, లోయర్ ఆర్మ్ (చక్రాన్ని చాసిస్‌కు కలిపే కింది చేయి) మధ్యలో ఎక్కడో బిగించి ఉంటుంది. అందుకే షాకబ్జర్ పైన వేసే స్పేసర్ మందం కంటే చక్రం దగ్గర దాదాపు రెట్టింపు లేస్తుంది. అంగుళం లేవాలంటే అరంగుళం మందం చాలు. అమ్మేవాడు చెప్పే అంకె స్పేసర్ మందమా, బండి లేచే ఎత్తా అని అడిగి రాయించుకో. లేత్ షాపులో పాత ఇనుము కోసి చేసే దిమ్మలు వద్దు. తలమీద గ్రేడు అంకె లేని బోల్టులూ వద్దు.

జవాబు (కడప, మెకానిక్):
మెకానిక్‌కు ఇది చూపించు. జాకీ మీద ఒక్కదాని మీదే బండి పెట్టి కిందికి దూరకూడదు, చాసిస్ కింద స్టాండులు ఉండాల్సిందే. స్టెబిలైజర్ (మలుపుల్లో బండి పక్కకు ఒరగకుండా ఆపే కడ్డీ) లింకు రెండు వైపులా విప్పుకుంటే ఆర్మ్ సులువుగా దిగుతుంది. ఏబీఎస్ వైరు క్లిప్పులు ముందే వదులు చేయాలి. హబ్‌ను (చక్రం బిగించే భాగం) బ్రేకు పైపు మీద వేలాడనివ్వొద్దు, తాడుతో కట్టేయాలి. పైన మూడు నట్లు, కింద బోల్టు తీస్తే స్ప్రింగుతో సహా షాకబ్జర్ బయటికి వస్తుంది. ఆ మూడు నట్ల మధ్యలో ఉండే పెద్ద నట్టును మాత్రం ఎవరూ ముట్టుకోకూడదు. స్ప్రింగు ఒత్తిడి మొత్తం దాని మీదే ఉంటుంది, ఊడితే మనిషి పోతాడు. పై స్పేసర్‌కు ఆ నట్టుతో పనే లేదు.

తిరిగి పెట్టేటప్పుడు కింద బోల్టును చేత్తో తిప్పి వదిలేసి, బండి నేల మీదికి దించి, బరువు పడ్డాక పూర్తిగా బిగించాలి. గాల్లో ఉండగానే బిగిస్తే రబ్బరు బుష్ మెలి తిరిగి కొన్నాళ్లకే చిరిగిపోతుంది. చాలామంది ఇక్కడే తొందరపడతారు. బిగింపు ఎంతో కంపెనీ మాన్యువల్ చూసి టార్క్ రెంచితో చేయాలి.

తర్వాత స్టీరింగ్ రెండు వైపులా చివరిదాకా తిప్పి బ్రేకు పైపు లాగుతోందా, పై ఆర్మ్ స్ప్రింగుకు రాసుకుంటోందా చూడాలి. ఫోర్ బై ఫోర్ కాబట్టి యాక్సిల్ బూట్లు (జాయింట్ల మీది రబ్బరు తొడుగులు) కూడా చూడాలి. అంగుళంతో ఇబ్బంది రాకూడదు, రెండు దాటితే అవి త్వరగా పోతాయి.

అడిగినాయన:
అలైన్‌మెంట్ తప్పనిసరా అన్నా? ఇన్సూరెన్స్ సంగతి?

జవాబు (కర్నూలు):
తప్పనిసరి, అదే రోజు. ముందు లేస్తే టో (చక్రాలు లోపలికో బయటికో తిరిగి ఉండటం), క్యాంబర్ (చక్రం పక్కకు వాలడం), క్యాస్టర్ (స్టీరింగ్ తిరిగే ఇరుసు ముందు వెనకల వాలు) మూడూ మారతాయి. టో ఒక్కటే సరిచేసి పంపే చోటు వద్దు, ఆ మూడింటి అంకెలూ ఉన్న ప్రింటు తీసుకో. క్యాస్టర్ తగ్గితే మలుపు తర్వాత స్టీరింగ్ తనంతట తాను నిటారుకు రాదు, 44వ నంబరు హైవే మీద వేగంలో అది బాగా తెలుస్తుంది.

లైట్లకు ఒక సులువుంది. పని మొదలుపెట్టకముందే రాత్రి గోడకు ఎదురుగా నిలిపి లో-బీమ్ గీత ఎక్కడ పడుతోందో సుద్దతో గీయి. పని అయ్యాక అదే చోట నిలిపి ఆ గీతకే దించు.

వాహన చట్టంలోని 52వ సెక్షన్ ప్రకారం ఆర్సీలో ఉన్న వివరాలు మారేలా బండిని మార్చకూడదు. అందుకని కిట్ కొనకముందే వారంటీ గురించి షోరూంలో, పాలసీ గురించి ఇన్సూరెన్స్ వాళ్లను రాతపూర్వకంగా అడుగు. వద్దంటే ఆగిపో. అప్పుడు బంపర్ కింద స్టీలు స్కిడ్ ప్లేటు వేయించుకుని, వంకలో రాళ్లు సర్దించుకోవడమే మేలు.

జవాబు (కడప, మెకానిక్):
వేయిస్తే గనక వెయ్యి కిలోమీటర్ల లోపు పై నట్లు, కింద బోల్టు మళ్లీ చెక్ చేయించు సామీ. గుంతల్లో టక్కుటక్కుమని శబ్దం వస్తే అన్నాళ్లు కూడా ఆగొద్దు, వెంటనే బండి ఎత్తించి చూడు.