నిమిషాలకు రౌండ్ చేసిన డేటాకు ప్రామాణిక దోషం ఎలా కట్టాలి?

విజయవాడ బస్టాండులో గుంటూరు బస్సు సరిగ్గా తీటా నిమిషాలకొకటి కదులుతుందనుకుందాం (నవ్వకండి, లెక్క కోసమే). ఎప్పుడు పడితే అప్పుడు వచ్చిన 20 మంది ఎంతసేపు ఆగారో రాసుకుంటే, ఆ సమయాలు 0 నుంచి తీటా వరకు యూనిఫామ్ (ఏ విలువకైనా సమాన అవకాశం). లైక్లీహుడ్ అంటే ఫలానా తీటాకు ఈ డేటా ఎంత సంభవమో చెప్పే కొలత; దాని లాగ్ డెరివేటివ్ -20/తీటా. అది ఎప్పటికీ సున్నా కాదు, కాబట్టి అంచనా అంచు మీదే: అన్నిటికన్నా పెద్ద విలువ. అది 18 అయితే 95 శాతం విశ్వాసాంతరం 18 నుంచి 18/0.05^(1/20), అంటే దాదాపు 20.9 దాకా. ఇక్కడిదాకా పేచీ లేదు. ఇంటిగ్రల్ హద్దులోనే తీటా ఉంది కనుక ఫిషర్ ఇన్ఫర్మేషన్ సూత్రం (లాగ్ లైక్లీహుడ్ వంపు నుంచి ప్రామాణిక దోషం, అంటే అంచనా ఎంత అటూఇటూ కావచ్చో, కట్టేది) చెల్లదనీ తెలుసు.

చిక్కల్లా రౌండింగుతోనే. సమయాలను దగ్గరి నిమిషానికి రాస్తే 18 అంటే 17.5 నుంచి 18.5 మధ్య ఏదైనా కావచ్చు. అప్పుడు తీటా 18.5 లోపు ఉన్నంతవరకు లైక్లీహుడ్ (తీటా - 17.5)^కె / తీటా^20కి అనుపాతంలో ఉంటుంది, కె అంటే 18 ఎన్నిసార్లు వచ్చిందో ఆ సంఖ్య. 18.5 దాటాక మళ్లీ తీటా^-20 మాత్రమే.

కె = 1 అయితే డెరివేటివ్ 350/19 దగ్గర, అంటే 18.42 దగ్గర, సున్నా అవుతుంది! కె = 2 అయితే 19.44 వస్తుంది, అది హద్దు బయట, గరిష్ఠం 18.5 మూల మీదే ఆగుతుంది.

కె = 1కి రెండో డెరివేటివ్ నుంచి ప్రామాణిక దోషం 0.94 నిమిషాలు వస్తోంది. కానీ 18.5 దగ్గర వక్రరేఖ విరిగిపోతుంది కదా, ఆ సంఖ్యను నమ్మవచ్చా? లేక లైక్లీహుడ్ నిష్పత్తితో అంతరం కట్టాలా? కడితే 95 శాతానికి మామూలుగా వాడే కై-స్క్వేర్ 3.84 హద్దు ఇక్కడ వర్తిస్తుందా? ఆర్ (గణాంకాల ప్రోగ్రామింగ్ భాష)లో సిమ్యులేషన్ చేసి సరిచూసే పద్ధతి చెప్పినా చాలు.