ఘాట్ రోడ్డులో హైబ్రిడ్ కారు సగం దారిలో నీరసపడుతోంది

నాది 1.5 లీటర్ల స్ట్రాంగ్ హైబ్రిడ్, అంటే పెట్రోలు ఇంజన్‌తో పాటు బ్యాటరీతో నడిచే మోటారు కూడా బండిని లాగే రకం. పుస్తకంలో ఇంజన్ 92 పీఎస్ (శక్తి), 122 న్యూటన్ మీటర్లు (టార్క్, అంటే తిప్పే బలం). మోటారు 80 పీఎస్, 141 న్యూటన్ మీటర్లు అని ఉంది. రెండూ కలిపితే మాత్రం 116 పీఎస్సే. రెండింటి గరిష్ఠ శక్తి ఒకేసారి అందదు కాబట్టి నేరుగా కూడకూడదని తెలుసుకున్నాను. టార్క్‌కు ఉమ్మడి లెక్క ఎక్కడా ఇవ్వలేదు, అదే నా చిక్కు.

ఊళ్లో బండి పరుగుకు వంక పెట్టలేను. సిగ్నల్ దగ్గర నా పాత పెట్రోలు కారు (105 పీఎస్, 138 న్యూటన్ మీటర్లు) దీనిముందు నిలవదు. కానీ శృంగవరపుకోట దాటి అనంతగిరి ఘాట్ ఎక్కేటప్పుడు, నలుగురం, సామానుతో, పది నిమిషాలకే బ్యాటరీ రెండు గీతలకు పడిపోతుంది. ఆపైన ఇంజన్ గగ్గోలు పెడుతుంది తప్ప వేగం 40 దాటదు. పాత కారు అదే మలుపుల్లో మూడో గేరులో హాయిగా 50లో వెళ్లేది.

పవర్ మోడ్ పెట్టాను, ఏసీ ఆపాను, టైర్లలో గాలి సరిచూశాను, ఎయిర్ ఫిల్టర్ మార్పించాను. సర్వీసు వారు లోపమేమీ కనబడలేదన్నారు. మూడుసార్లు వెళ్లినా ఇదే తంతు.

బ్యాటరీ తగ్గాక ఘాట్‌లో మీ స్ట్రాంగ్ హైబ్రిడ్ కూడా ఇలాగే వెనకబడుతుందా, లేక నా బండిలోనే లోపముందా?