వైజాగ్ – గన్నవరం విమానం: 290 కి.మీ.కి గంటకు పైగా ఎందుకు?

నాగావళి_గట్టు (శ్రీకాకుళం):
70 ఏళ్ల నాన్నగారితో విజయవాడ వెళ్లాలి. వైజాగ్–గన్నవరం దూరం ఒక వెబ్‌సైటులో 157, ఇంకోదాన్లో 180, మరోదాన్లో 290 అని ఉంది. టైము ఒకచోట 50 నిమిషాలు, టికెట్లో గంట దాటింది. ఏది నమ్మాలి? శ్రీకాకుళం నుంచి రైలు కంటే ఏమాత్రం కలిసొస్తుంది?

ఏటీఆర్_కిటికీ:
మూడూ ఒకటే దూరమండి. 157 నాటికల్ మైళ్లు, 180 మామూలు మైళ్లు, 290 కిలోమీటర్లు. నాటికల్ మైలంటే 1.852 కి.మీ. ఇది గాల్లో సూటిగా కొలిచిన లెక్క, రోడ్డు మీదయితే 350 దాకా వస్తుంది.

50 నిమిషాల లెక్క మాత్రం నమ్మకండి. ఆ సైట్లు దూరాన్ని పెద్ద జెట్ వేగంతో భాగించి, గాల్లోకి లేవడానికి, దిగడానికి అరగంట కలిపేస్తాయి. ఇంత దగ్గర ఊళ్లకు ఎక్కువగా తిప్పేది ఏటీఆర్ 72. రెక్కలకు ఫ్యాన్లుండే ఈ విమానం గంటకు 500 కి.మీ. చుట్టుపక్కలే పోతుంది. టికెట్లో టైము, నిలబెట్టిన చోటు నుంచి కదిలినప్పట్నుంచి అక్కడ ఆగేదాకా. రెండు చోట్లా రన్‌వేలు దాదాపు తూర్పు–పడమరలుగా ఉంటాయి. గాలిని బట్టి వైజాగ్‌లో తూర్పుకి ఎగిరితే సముద్రం వైపు పోయి వెనక్కి తిరగాలి. గన్నవరంలో పడమటి వైపు నుంచి దిగాల్సొస్తే ఊరు దాటిపోయి చుట్టి రావాలి. పైగా వైజాగ్ రన్‌వే నేవీది, వాళ్ల విమానాలకు దారి ఇవ్వాలి. నిమిషాలు అక్కడే పోతాయి.

ఆమదాలవలస_బండి:
గాల్లో టైము కాదు, గుమ్మం నుంచి గుమ్మానికి లెక్కేయండి. శ్రీకాకుళం నుంచి ఎయిర్‌పోర్టుకి కారులో రెండు, రెండున్నర గంటలు. బస్సయితే వైజాగ్ బస్టాండు కాంప్లెక్స్‌లో దిగి మళ్లీ ఎన్‌ఏడీ జంక్షన్ దాటి వెళ్లాలి, ఇంకో ముప్పావుగంట వేసుకోండి. గంటన్నర ముందుండాలి, బ్యాగులిచ్చే కౌంటరు గంట ముందే మూసేస్తారు. విమానం గంటా పది. లగేజీకి అరగంట, గన్నవరం నుంచి ఊళ్లోకి 20 కి.మీ. మొత్తం ఆరు గంటలు దాటుతుంది. శ్రీకాకుళం రోడ్ స్టేషన్ నుంచి రైలుకి ఎనిమిది గంటలు అటూ ఇటూ. కలిసొచ్చేది గంటన్నర, రెండు గంటలే! పెద్దాయన పడుకుని రావాలంటే రాత్రి రైలు కింది బెర్తే నయం. చలికాలం పొద్దున గన్నవరంలో మంచు పడితే ఆ రెండు గంటలూ మిగలవు. డాక్టరు దగ్గరకైతే ముందురోజే చేరండి.

కోట_జంక్షన్ (విజయనగరం):
భోగాపురం కొత్త ఎయిర్‌పోర్టు సంగతీ చూసుకోండి. అక్కణ్ణుంచి గన్నవరం సూటిగా సుమారు 330 కి.మీ., అంటే గాల్లో నాలుగైదు నిమిషాలు పెరుగుతాయి. కానీ మీకు రోడ్డు మీద సగం దూరం తగ్గుతుంది, మాకింకా దగ్గర. టికెట్ కొనేముందు ఎగిరేది ఏ ఎయిర్‌పోర్టు నుంచో చదవండి.

నాగావళి_గట్టు:
విమానమైతే నాన్నగారు మెట్లెక్కగలరా?

ఏటీఆర్_కిటికీ:
ఏటీఆర్‌కి వెనక తలుపే, మెట్లు కొన్నే. అయినా వీల్‌చైరు టికెట్ కొన్నప్పుడే అడగండి, ఆఖరి నిమిషంలో దొరక్కపోవచ్చు. సీటు వెనక వరసల్లో తీసుకోండి: తలుపు దగ్గర, ఫ్యాన్ల రొద కూడా ముందు వరసలకంటే తక్కువ.