పాత కారులో ఏబీఎస్ పాడైతే బాగుచేయించాలా, ఫ్యూజు పీకేసి నడుపుకోవాలా?

చక్రవాకం:

అందరికీ నమస్కారం. మా కారు 2001 మోడల్. ఇంజన్, గేర్‌బాక్స్ ఇప్పటికీ బాగున్నాయి, అందుకే అమ్మబుద్ధి కావట్లేదు. ఇబ్బందల్లా ఏబీఎస్‌తోనే, అదే, గట్టిగా బ్రేకు వేసినా చక్రాలు బిగుసుకుపోయి జారకుండా చూసే ఏర్పాటుతో. మెల్లగా బ్రేకు వేసి బండి నడక వేగానికి వచ్చాక, ఇక ఆగుతుందనగా పెడల్ పాదం కింద గడగడా కొట్టుకుంటుంది, బండి ఓ మూరెడు ముందుకు జారుతుంది. పొడి రోడ్డు మీద కూడా ఇంతే. ఇలా కొన్నిసార్లు అయ్యాక పసుపు రంగు ఏబీఎస్ లైటు వెలుగుతుంది. లైటు వెలిగాక మాత్రం బండి ఆపి మళ్లీ స్టార్ట్ చేసేదాకా పెడల్ కొట్టుకోదు.

మెకానిక్ గారు లోపాల కోడ్లు చదివే స్కానర్ ఏమీ పెట్టలేదు. "ఏబీఎస్‌ను నడిపే మాడ్యూల్ పోయింది, కొత్తది వేస్తే బండి ఖరీదులో సగం అవుతుంది. ఫ్యూజు పీకేస్తాను, మామూలు బ్రేకుల్లా పనిచేస్తాయి" అన్నారు. ఈ కారు నాతో పాటు మా అమ్మ కూడా నడుపుతుంది. ఫ్యూజు పీకి నడిపినవాళ్లు, బాగుచేయించుకున్నవాళ్లు మీ అభిప్రాయం చెప్పండి.

పాతబండి:

తమ్ముడూ, పీకేయించు. భయపడాల్సిన పని లేదు. ఏబీఎస్ అనేది మామూలు బ్రేకుల మీద అదనంగా పెట్టిన ఏర్పాటు. అది పనిచేయకపోయినా పెడల్ నుంచి చక్రం దాకా ఆయిల్ ఒత్తిడి వెళ్లే దారి తెరిచే ఉంటుంది. 1978లో బాష్ వాళ్ల ఎలక్ట్రానిక్ ఏబీఎస్ మెర్సిడెస్ ఎస్-క్లాస్‌లో వచ్చింది. ఆ తర్వాత కూడా ఏళ్ల తరబడి లోకమంతా అది లేని కార్లే ఎక్కువ తిరిగాయి.

నువ్వు చెప్పిన లక్షణం చూస్తే, ఏబీఎస్ లేకపోవడం కన్నా పాడైన ఏబీఎస్ ఉండటమే ప్రమాదం. ఆగాల్సిన చోట బ్రేకు వదిలేస్తోంది. ముందు బండి ఉంటే గుద్దుకుంటావు.

ఇంకో మాట. అమెరికా రహదారి భద్రతా సంస్థ 2009లో దీని మీద పెద్ద నివేదిక ఇచ్చింది. ప్రాణాంతక ప్రమాదాల్లో ఏబీఎస్ వల్ల మొత్తం మీద కలిగిన తేడా దాదాపు సున్నా అని తేల్చింది. మ్యూనిక్ ట్యాక్సీల మీద చేసిన పరిశీలనలోనూ ఏబీఎస్ ఉన్న బండ్లకు ప్రమాదాలేమీ తగ్గలేదు, ఆ ధీమాతో డ్రైవర్లు మరింత దూకుడుగా నడిపారని తేలింది. మాడ్యూల్‌కు పోసే డబ్బుతో నాలుగు మంచి టైర్లు, కొత్త ప్యాడ్లు, కొత్త బ్రేకు ఆయిల్ వేయించుకో. బండి ఇంతకన్నా బాగా ఆగుతుంది.

వీల్‌హబ్:

పాతబండి అన్నా, మీరు టైర్ల గురించి చెప్పింది నూటికి నూరుపాళ్లు ఒప్పుకుంటాను. కానీ ఇక్కడ అసలు మాడ్యూల్ పోయిందని తేల్చిందెవరు? స్కానర్ పెట్టకుండా మాడ్యూల్ పేరు చెప్పడం నాకు నచ్చలేదు. బ్రేకుల పని చేసేవాడిగా చెబుతున్నాను, చక్రవాకం గారు రాసిన లక్షణం మాడ్యూల్‌ది కాదు. నూటికి తొంభైసార్లు అది ఏదో ఒక చక్రం దగ్గర దాని వేగం చదివే సెన్సర్‌ది.

ఎలాగంటే, ఆ కాలపు కార్లలో ఎక్కువగా రెండు వైర్ల పాత రకం సెన్సర్లు ఉంటాయి. లోపల అయస్కాంతం, దాని చుట్టూ తీగ చుట్ట. ఎదురుగా చక్రంతో పాటు పళ్లున్న టోన్ రింగ్ తిరుగుతుంటే చిన్న ఏసీ కరెంటు పుడుతుంది. చక్రం ఎంత వేగంగా తిరిగితే అంత బలమైన సిగ్నల్, మెల్లగా తిరిగితే బలహీనం. సెన్సర్ కొసకీ రింగ్ పళ్లకీ మధ్య సందు సుమారు ఒక మిల్లీమీటరు. ఏళ్లు గడిచేకొద్దీ హబ్ మీద సెన్సర్ కూర్చునే చోట తుప్పు పొరలు పొరలుగా పెరిగి సెన్సర్‌ను పైకి ఎత్తేస్తుంది. సందు పెరిగితే సిగ్నల్ తగ్గుతుంది. వేగంలో ఉన్నప్పుడు ఎలాగో నెట్టుకొస్తుంది. బండి గంటకు ఎనిమిది, పది కిలోమీటర్లకు దిగేసరికి ఆ ఒక్క చక్రం సిగ్నల్ హఠాత్తుగా సున్నా అవుతుంది, మిగతా మూడు ఇంకా తిరుగుతున్నట్టు కనిపిస్తాయి. మాడ్యూల్‌కు అర్థమయ్యేది ఒక్కటే, ఆ చక్రం లాక్ అయిందని, అంటే తిరగడం ఆగి జారుతోందని. వెంటనే దాని ఒత్తిడి వదిలేస్తుంది. మీ పెడల్ కొట్టుకోవడం అదే. మాడ్యూల్ తనకు వచ్చిన సమాచారాన్ని బట్టి సరిగ్గానే పనిచేస్తోంది.

పది మందికీ దొరికే చిన్న ఓబీడీ రీడర్లు చాలావరకు ఇంజన్ కోడ్లే చదువుతాయి. మీకు ఏబీఎస్ కూడా చదివే స్కానర్ కావాలి. కోడ్ ఒక్కటే చూసి ఆగొద్దు. పక్కన ఒకరిని కూర్చోబెట్టుకుని లైవ్ డేటాలో నాలుగు చక్రాల వేగాలు చూస్తూ, తిన్నగా ఉన్న రోడ్డు మీద ముప్ఫై నుంచి మెల్లగా సున్నాకు రండి. ఏ చక్రం ముందుగా పడిపోతుందో కళ్లకు కనిపిస్తుంది.

వానదారి:

పాతబండి గారూ, ఆ 2009 నివేదికలో మీరు చెప్పిన వాక్యం ఉంది, కాదనను. అదే నివేదికలో మిగతా అంకెలు కూడా ఉన్నాయి. ప్రాణాలు పోని ప్రమాదాలు కూడా కలిపి చూస్తే, ఏబీఎస్ ఉన్న కార్లు ప్రమాదాల్లో చిక్కుకోవడం 6 శాతం తగ్గింది. పాదచారులను గుద్ది చంపిన ప్రమాదాలు 13 శాతం, తడి రోడ్ల మీద వేరే వాహనాలతో జరిగిన ప్రాణాంతక ఢీలు 12 శాతం తగ్గాయి. ఒంటరిగా రోడ్డు దిగిపోయిన ప్రాణాంతక ప్రమాదాలు పెరగడం వల్ల మొత్తం లెక్క సున్నాకు వచ్చింది. "ఉన్నా లేకపోయినా ఒకటే" అని ఆ నివేదిక చెప్పలేదు. రోడ్డు దాటుతున్న మనిషి విషయంలో తేడా స్పష్టంగా ఉంది, నాకు అదే ముఖ్యం.

నేను ప్రధానంగా అడగదలచుకున్నది వాళ్ల అమ్మ గారి గురించి. ఏబీఎస్ ఉన్న బండికి అలవాటైన కాలు, ఏదైనా అడ్డం వస్తే పెడల్‌ను గట్టిగా తొక్కి అలాగే పట్టుకుంటుంది, చేతులు స్టీరింగ్ తిప్పుతాయి. మనకు నేర్పిందీ అదే. ఫ్యూజు పీకిన బండిలో వాన పడుతుండగా అదే పని చేస్తే ముందు చక్రాలు లాక్ అవుతాయి. లాకైన చక్రం బండిని పక్కకు తిప్పలేదు. స్టీరింగ్ ఎటు తిప్పినా బండి తిన్నగా పోయి గుద్దుతుంది. పాతబండి గారు బ్రేకును పట్టీ వదిలీ ఆపడం తెలిసినవారు కావచ్చు. ఆ నేర్పు ఇంట్లో బండి తీసే ప్రతి ఒక్కరికీ ఉండాలని ఎలా ఆశిస్తాం?

పాతబండి:

వానదారి గారూ, అంకెల విషయంలో మీరు చెప్పింది సరే, తడి రోడ్డు మీద మేలు ఉంది. కానీ కంకర మీద, వదులు మట్టి మీద ఏబీఎస్ ఉంటేనే బండి ఎక్కువ దూరం పోయి ఆగుతుంది, అది కూడా ఒప్పుకోవాలి.

వీల్‌హబ్ తమ్ముడూ, "సెన్సరే కదా" అని తేలిగ్గా అంటున్నావు. పాత బండిలో సెన్సర్ విప్పడం నీకు తెలియనిదా? తుప్పుకు హబ్‌లో బిగుసుకుపోయి ఉంటుంది, తిప్పితే తల విరిగి సగం లోపలే ఉండిపోతుంది. దాన్ని తొలవాలంటే హబ్ విప్పాలి, హబ్ విప్పితే బేరింగ్ మార్చాలి. ఒకటి మొదలుపెడితే నాలుగు తగులుతాయి. అంతా అయ్యాక లైటు మళ్లీ వెలిగితే? పాత బండి పెట్టుకున్నవాడికి చేతిలో డబ్బు లెక్కపెట్టినట్టు ఉంటుంది. ఆ డబ్బు ముందు దేనికి పోవాలన్నదే నా వాదన.

వీల్‌హబ్:

విరుగుతాయి అన్నా, నిజమే. అందుకే విప్పడం ఆఖరి పని. విప్పకుండానే సగం తెలుస్తుంది. సెన్సర్ వైరు కప్లర్ తీసి మల్టీమీటర్‌తో ఎడమ సెన్సర్, కుడి సెన్సర్ ఓమ్స్ పోల్చాలి. పాత రకంలో చాలావాటికి వెయ్యి ఓమ్స్‌కు అటూ ఇటూ వస్తుంది, రెండు వైపులా దగ్గర దగ్గరగా ఉండాలి. చక్రం జాకీ మీద లేపి చేత్తో తిప్పితే మీటర్‌లో చిన్న ఏసీ వోల్టేజీ కనిపించాలి. ఒక వైపు బాగా తక్కువ వస్తే అదే దొంగ. కొత్త రకం యాక్టివ్ సెన్సర్ల మీద మాత్రం ఈ ఓమ్స్ పరీక్ష చేయొద్దు. అది వాటికి పనికిరాదు, లోపలి చిప్ దెబ్బతినొచ్చు కూడా.

సెన్సర్ బాగుంటే వైరు చూడాలి. స్టీరింగ్ తిప్పినప్పుడల్లా మెలికపడే చోట పైతొడుగు బాగానే కనిపిస్తుంది, లోపల రాగి తెగి ఉంటుంది. ఆ తర్వాత టోన్ రింగ్. డ్రైవ్ షాఫ్ట్ మీద బిగించిన రింగ్ కింద తుప్పు ఉబ్బి రింగ్ పగులుతుంది. టార్చ్ వేసి చక్రం ఒక చుట్టు తిప్పి చూస్తే పగులు కనిపిస్తుంది. బేరింగ్ సీల్‌లోనే అయస్కాంతపు రింగ్ ఉండే బండ్లలో బేరింగ్ తిరగేసి బిగిస్తే కొత్త బేరింగ్‌తోనే లైటు వెలుగుతుంది.

ఇక ఫ్యూజు సంగతి. "మామూలు బ్రేకుల్లా పనిచేస్తాయి" అన్న మాట 1990ల తొలినాళ్ల కార్లకు చాలావరకు సరిపోతుంది. వాటిలో వెనక బ్రేకులకు వెళ్లే ఒత్తిడిని తగ్గించే యాంత్రిక వాల్వ్ విడిగా ఉండేది. తర్వాత వచ్చిన చాలా కార్లలో ఆ వాల్వ్ తీసేశారు. ఆ పని ఏబీఎస్ మాడ్యూలే చేస్తుంది, దాన్నే ఈబీడీ అంటారు. ఒక్క సెన్సర్ పోతే చాలా బండ్లలో ఏబీఎస్ ఆగినా ఈబీడీ పనిచేస్తూనే ఉంటుంది, పసుపు లైటు ఒక్కటే వెలుగుతుంది. ఫ్యూజు పీకితే ఈబీడీ కూడా పోతుంది. ఎర్ర బ్రేకు లైటు కూడా తోడవుతుంది. అప్పుడు గట్టిగా తొక్కితే ముందు చక్రాల కన్నా వెనక చక్రాలు ముందుగా లాక్ అవుతాయి, బండి గిర్రున తిరిగిపోతుంది. అంటే పసుపు లైటుతో ఉన్న బండి కన్నా ఫ్యూజు పీకిన బండి ప్రమాదకరం కావచ్చు. పైగా కొన్ని కార్లలో స్పీడోమీటర్‌కు వేగం సమాచారం ఏబీఎస్ నుంచే వెళ్తుంది, బండి పక్కకు జారకుండా చూసే స్టెబిలిటీ కంట్రోల్ ఉన్న బండైతే అదీ ఆగిపోతుంది.

బ్రేకు ఆయిల్ నడిచే ఏబీఎస్ హైడ్రాలిక్ యూనిట్ మొత్తం తీసేసి పైపులు నేరుగా కలిపేస్తామనే వాళ్ల దగ్గరికి మాత్రం దయచేసి వెళ్లకండి. లైటు కనిపించకుండా బల్బు తీయించుకోవడమూ అంతే. ఎర్ర లైటు ఎప్పుడో ఒకరోజు ఆయిల్ కారుతోందని చెప్పడానికి వెలుగుతుంది.

వానదారి:

వీల్‌హబ్ గారూ, నిజంగానే మాడ్యూల్ పోయిందనుకోండి, అప్పుడు?

వీల్‌హబ్:

అప్పుడు కూడా కొత్తదే దిక్కు కాదు. చాలా యూనిట్లలో ఎలక్ట్రానిక్ పెట్టె వేరు, ఆయిల్ నడిచే దిమ్మె వేరు. పెట్టెను మాత్రం స్క్రూలు తీసి విడదీయొచ్చు, ఆయిల్ పైపులు కదిలించక్కర్లేదు, బ్రేకు పైపుల్లో ఎయిర్ తీసే పని ఉండదు. లోపల పోయేది తరచూ వేడికి, కుదుపులకు పగిలిన సోల్డర్ అతుకులో, సన్నటి తీగలో. వాటిని బాగుచేసేవాళ్లు ఉన్నారు. స్క్రాప్ నుంచి తెచ్చేటప్పుడు పార్ట్ నంబర్ అక్షరం అక్షరం కలవాలి. దిమ్మె మార్చాల్సి వస్తే మాత్రం స్కానర్‌తో వాల్వులు తెరిపిస్తూ ఎయిర్ తీయాలి, లేకపోతే పెడల్ మెత్తగానే ఉండిపోతుంది. 1980ల నాటి కొన్ని పాత సిస్టమ్‌లలో అధిక ఒత్తిడి నిల్వచేసే గుండు లాంటిది ఉంటుంది. ఇగ్నిషన్ ఆపి, పెడల్ గట్టిపడేదాకా పదే పదే తొక్కి ఒత్తిడి దించకుండా దాని పైపు విప్పకూడదు. కళ్లు పోతాయి.

చక్రవాకం:

ఏబీఎస్ చదివే స్కానర్ ఉన్న చోటికి వెళ్లాను. కుడి ముందు చక్రం సెన్సర్ కోడ్ వచ్చింది. లైవ్ డేటాలో కూడా మూడు చక్రాలు 9, 8, 7 అని దిగుతుంటే కుడి ముందుది 9 నుంచి నేరుగా సున్నాకు పడింది. సెన్సర్ రెండు వైపులా ఓమ్స్ దగ్గర దగ్గరగానే ఉన్నాయి, టోన్ రింగ్ పగల్లేదు. కుడి వైపు సెన్సర్ కాస్త పైకి లేచి కనిపిస్తోంది. మాది ఈబీడీ ఉన్న బండేనని కూడా తెలిసింది, వెనక వైపు విడిగా వాల్వ్ లేదు. ఫ్యూజు పీకించడం లేదు. సెన్సర్ విప్పి తుప్పు గీకించబోతున్నాను.

పాతబండి:

ఈబీడీ ఉందంటే నేనూ పీకమని చెప్పను తమ్ముడూ. విడి వాల్వ్ ఉన్న పాత బండికి, అదీ ఒక్కరే నడిపే బండికి మాత్రం నా మాట మీదే నిలబడతాను. ముందురోజే సెన్సర్ బోల్టుకు, చుట్టూరా తుప్పు వదిలించే ఆయిల్ కొట్టి నానబెట్టు. ప్యాడ్ల మీద, డిస్క్ మీద పడకుండా గుడ్డ కప్పు. లాగొద్దు, అటూ ఇటూ మెల్లగా తిప్పుతూ కదిలించు.

వానదారి:

ఒక్కరే నడిపే బండి ముందు కూడా రోడ్డు దాటే మనుషులుంటారు పాతబండి గారూ. ఆ విషయంలో నేను మీతో ఏకీభవించలేను.

వీల్‌హబ్:

చక్రవాకం గారూ, సెన్సర్ కూర్చునే ముఖం మీద మెరిసే లోహం కనిపించేదాకా గీకండి, రంధ్రం లోపలి గోడ కూడా. సెన్సర్ కొసకు అంటుకున్న ఇనుప రజను గుడ్డతో తుడవండి. సుత్తితో కొట్టి కూర్చోబెట్టొద్దు, చేత్తో నొక్కితే దిగాలి. కోడ్ చెరిపేశాక ముందు నడక వేగంలో చాలాసార్లు ఆపి చూడండి, పెడల్ నిశ్శబ్దంగా ఉండాలి. తర్వాత ఎవరూ లేని విశాలమైన చోట, వెనక బండి లేదని చూసుకుని, నలభై వేగంలో పెడల్ గట్టిగా తొక్కండి. అప్పుడు మాత్రం కొట్టుకోవాలి. అమ్మ గారిని కూడా పక్కన కూర్చోబెట్టుకోండి, ఆ తర్వాత ఆవిడ చేత కూడా ఒకసారి తొక్కించండి.